బండకూ గడపకూ మధ్య రెండు మిల్లీమీటర్లు

2018 మే నెల. గోదావరిఖని నుంచి కమాన్‌పూర్ వైపు పోయే పాత రోడ్డు పక్కన ఒక పెంకుటిల్లు, ఆ ఇంటికి ముప్పై అడుగుల దూరంలో రోడ్డు వారగా మోకాలెత్తు నల్లరాయి. ఆ రాయికీ ఇంటి గడపకూ ఎత్తులో తేడా ఎంతో కొలిచి రమ్మని నన్ను పంపారు. వినడానికి పెద్ద పనిలా ఉండదు. నాకూ అలాగే అనిపించింది.

నేను ఒక చిన్న ప్రైవేటు సర్వే ఆఫీసులో సర్వేయర్‌ని. సర్వేయర్ అనగానే పొలం గట్టు తగాదాలో గొలుసు పట్టుకుని ఇద్దరి చేతా తిట్లు తినే మనిషి గుర్తొస్తాడు. ఆ పనీ చేశాను. కానీ బొగ్గు ప్రాంతంలో సర్వేయర్‌కి ఇంకో పని ఉంటుంది. ఇక్కడ భూమి పక్కకు జరగడంతో ఆగదు, కిందికి కూడా పోతుంది. భూగర్భ గనిలో బొగ్గు తీసేటప్పుడు పైకప్పును మోయడానికి బొగ్గునే స్తంభాలుగా వదిలేస్తారు. చివర్లో వెనక్కి వస్తూ ఆ స్తంభాలనూ తీసుకుంటారు. దీన్ని డీపిల్లరింగ్ అంటారు. స్తంభం తీసిన చోట పైకప్పు కూలుతుంది. కూలాలనే తీస్తారు. ఆ ఖాళీ మెల్లగా పైకి పాకి, ఒకనాడు ఎవరిదో వాకిలి కాస్త కిందికి దిగుతుంది. దానికి మా కాగితాల్లో పేరు సబ్సిడెన్స్. వాకిలి గలవాళ్లు పెట్టే పేర్లు వేరే ఉంటాయి, వాటిని కాగితంలో రాయడానికి వీలుండదు.

ఎంత దిగిందో కొలవాలంటే ముందు దిగనిది ఒకటి కావాలి. ఎత్తు తెలిసిన, కదలని గుర్తు. అదే బెంచ్‌మార్క్. ఆ రోడ్డు వార నల్లరాయి మా బెంచ్‌మార్క్. తెల్లవాళ్ల కాలంలో దేశమంతా కొలిచినప్పుడు నాటింది. నెత్తి మీద ఒక చదరం, కింద ఆ సర్వే పేరుకు పొడి అక్షరాలు, జీటీఎస్ అని చెక్కి ఉంటాయి. దాని ఎత్తు పాత సర్కారు పుస్తకంలో మూడు దశాంశాల దాకా అచ్చయి ఉంది. మూడు దశాంశాల దాకా అచ్చయిన దేన్నయినా మా వృత్తివాళ్లు నమ్ముతారు.

దాన్ని కనిపెట్టింది మా ఆఫీసు యజమాని మూర్తిగారు. ఆయన సముద్రతీరం మనిషి, కుర్రతనంలో తీరం పొడవునా సర్వే చేశారు. మా ఆఫీసు గోడల మీద దేవుళ్ల పటాలుండాల్సిన చోట లైట్‌హౌస్‌ల ఫొటోలుండేవి. సముద్రం చూడాలంటే రైల్లో ఒక రాత్రి పోవాల్సిన ఊళ్లో, బొగ్గు దుమ్ము పట్టిన అద్దాల వెనక, ఏడు లైట్‌హౌస్‌లు. కొత్తగా చేరిన ప్రతివాడికీ వాటిని చూపించి ఆయన ఒకటే చెప్పేవారు. "చూడవయ్యా, సముద్రం కదులుతుంది, పడవ కదులుతుంది, ఇసక కదులుతుంది. లైట్‌హౌస్ కదలదు. దాన్ని పట్టుకుంటే నీ లెక్క తప్పదు." ఆ నల్లరాయి దొరికిన రోజు ఆయన ఆఫీసులో అందరికీ జిలేబీ తెప్పించారు. "ఇది మనకి దొరికిన లైట్‌హౌస్‌ర్రా" అన్నారు.

ఆ ఇల్లు లింగయ్య కాకది. గనిలో టింబర్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. అంటే పైకప్పు కూలకుండా కింద దుంగలు నిలబెట్టే పని. ముప్పై ఏళ్లకు పైగా ఇతరుల నెత్తి మీది కప్పును కాచిన మనిషికి ఇప్పుడు సొంత గోడలు పగుళ్లిచ్చాయి. దరఖాస్తు పెట్టుకున్నాడు. భూమి కుంగిందని సర్వేలో తేలితే ఆ ఇంటికి బదులు కొత్త కాలనీలో ఇంటి జాగ ఇస్తారు. తేలకపోతే ఆ పగుళ్లు ఆయన సొంత ఆస్తి. రెండేళ్ల కిందట, కింద స్తంభాలు తీయడం మొదలుకాకముందే, అదే రాయి నుంచి అదే గడప ఎత్తు నేనే కొలిచి పెట్టాను. ఇప్పుడు మళ్లీ కొలిచి, రెంటినీ పోల్చి, దిగిందా లేదా అని చెప్పాలి.

నాతో వచ్చింది యాకూబ్ భాయ్. స్టాఫ్ పట్టుకునే మనిషి. స్టాఫ్ అంటే నాలుగు మీటర్ల గీతల కర్ర. దాన్ని నిట్టనిలువుగా పట్టుకోవడం చూసినంత తేలిక కాదు, యాకూబ్ భాయ్ పట్టుకుంటే గాలి కూడా పక్కనుంచి పోయేది. మేం వెళ్లేసరికి లింగయ్య కాక భార్య రాజవ్వ మా బెంచ్‌మార్క్ మీద కొడవలి నూరుతోంది.

నాకు ప్రాణం పోయినంత పనయింది. "అవ్వా, దాని మీద నూరద్దు. అది సర్కారు రాయి. ఒక్క మిల్లీమీటరు అరిగినా లెక్క తప్పుతది" అన్నాను.

రాజవ్వ కొడవలి అంచు బొటనవేలితో చూసుకుంది. "మా అత్త నూరింది, నేను నూరుతున్న. ఏ లెక్క తప్పిందో చెప్పు బిడ్డా, సరిజేసుకుందాం."

"ముందు ఇంట్లకు రా సారు, ఆ బండ యాడికి పోదు" అన్నాడు లింగయ్య కాక.

వెనక గదిలో గోడ మీద పగులు పైనుంచి కిందికి, అరచేయి దూరేంత ఉంది. ఆయన మూలనున్న ఇనుప గడ్డపార తీసి గోడను మెల్లగా తట్టాడు. గనిలో షిఫ్టు మొదలుపెట్టే ముందు పైకప్పును అలా తట్టి చూస్తారు. గట్టిదైతే ఒక చప్పుడు, లోపల విడిపోయి ఉంటే ఇంకో చప్పుడు. ఆ తేడా చెవికి తెలియనివాళ్లు గనిలో రిటైర్మెంట్ దాకా రారు.

"ఇన్నవా? డొల్ల పలుకుతున్నది."

విన్నాను. నిజంగానే డొల్లగా పలికింది. కానీ మా ఫీల్డ్ బుక్‌లో చప్పుడుకు గడి లేదు.

"గడప మంచిగనే ఉన్నది సారు. ఎనుక మూల దిగింది. గీడ పెట్టు నీ కర్ర" అన్నాడు.

"కాకా, రెండేండ్ల కింద ఈడ రీడింగ్ తీస్కోలే. గడప మీదనే తీస్కున్న. పాత రీడింగ్ లేని దగ్గర కొత్తది తీస్కుంటే దేంతోటి పోల్చాలె?"

"పోల్చుడెందుకు. కట్టిననాడు ఇల్లంత సమానంగనే ఉండె గద."

దీనికి నా దగ్గర ఏదో జవాబు ఉండింది. ఏమిటో గుర్తులేదు. మర్యాదగానే చెప్పి ఉంటాను.

బయటికొచ్చాక ఆయన ఇంకోటి చూపించాడు. వాకిట్లో పోయిన వానకు పేరుకున్న ఒండ్రు ఎండి పెచ్చులు లేచి ఉంది. "ఇదివరకు మా వాకిట్ల నీళ్లు రోడ్డెక్కి పోయేటియి. ఇప్పుడు రోడ్డు మీది నీళ్లు మా ఇంట్లకు వస్తున్నయి."

"రోడ్డు మీద రోడ్డు ఏసి ఎత్తు చేసిన్రు కాకా, అందుకు."

"రోడ్డేసి పదేండ్లాయె. నీళ్లొచ్చుడు నిరుటి సంది."

యాకూబ్ భాయ్ స్టాఫ్‌ని రాయి మీద నిలబెడుతూ ఆగాడు. "సాబ్, రైలు బ్రిడ్జి కాడ ఇంకోటున్నది గద బెంచ్‌మార్కు. ఆడికెళ్లి ఒకసారి ఎత్తు పట్కొద్దమా?"

రైలు బ్రిడ్జి అక్కడికి మూడు కిలోమీటర్లు, కింద గని లేని నేల. నియమం కూడా అదే చెబుతుంది, ఎప్పుడూ ఒకే బెంచ్‌మార్క్‌ను నమ్మొద్దు, రెండోదానితో కలిపి చూసుకోవాలి అని. మూడు కిలోమీటర్లంటే లెవెల్ అనే పరికరాన్ని ముప్పైకి పైగా చోట్ల నిలబెట్టి చూడాలి, తిరిగొచ్చేటప్పుడు మళ్లీ అన్నిసార్లు. మే నెల. రామగుండం ఎండ గురించి ఈ వైపు వాళ్లకు చెప్పనక్కర్లేదు, ఆ వైపు వాళ్లు చెప్పినా నమ్మరు.

"అది జీటీఎస్ రాయి భాయ్. నూరేండ్ల సంది కదల్లే. ఇప్పుడు మన కోసం కదుల్తదా?" అన్నాను. నవ్వాను కూడా.

లింగయ్య కాక నవ్వలేదు. "బండ కదల్లేదు సారు. కింద భూమి దిగింది. బండ దాని మీదనే గద ఉన్నది."

వాక్యం చాలా చిన్నది. నేను డిప్లొమాలో మూడేళ్లు చదివినదాని సారం అందులో ఉంది. ఆ రోజు నాకు అది ముసలాయన చమత్కారంలా వినిపించింది. చమత్కారాల విషయంలో నాకు నేనే పెద్ద అధికారిని అనుకునేవాణ్ణి.

రాయి మీద రీడింగ్ తీసుకున్నాను, గడప మీద తీసుకున్నాను, తిరిగి రాయి మీదికొచ్చి ముగించాను. బయలుదేరిన చోటికే తిరిగొచ్చినప్పుడు లెక్క ఎంత తేడా వస్తుందో దాన్ని క్లోజింగ్ ఎర్రర్ అంటారు. నాకు వచ్చింది సున్నా. సర్వేయర్ జీవితంలో సున్నా మాటిమాటికీ రాదు, దాన్ని యాకూబ్ భాయ్‌కి చూపించాను కూడా. రెండేళ్ల కిందటి తేడాతో పోలిస్తే బండకూ గడపకూ మధ్య మార్పు రెండు మిల్లీమీటర్లు. ఆ రెండూ రాజవ్వ కొడవలి ఖాతాలో వేశాను. రెండో బెంచ్‌మార్క్ అనే గడిలో 'అవసరం లేదు' అని రాశాను. భూమి కుంగినట్టు ఆధారాలు లేవని రిపోర్టు పోయింది. మూర్తిగారు దాన్ని కొత్త కుర్రాళ్లకు నమూనాగా చూపించారు. దస్తూరీ కూడా బాగుందన్నారు.

జులైలో నాలుగు రోజులు ముసురు పట్టింది. నాలుగో రోజు పొద్దున పదిన్నరకు వెనక గది గోడ పడింది. రాజవ్వ లోపల బియ్యం ఏరుతోంది.

యాకూబ్ భాయ్ చెబితే దవాఖానకు పోయాను. తుంటి ఎముక విరిగింది. మంచం పక్కన లింగయ్య కాక గోడకు ఒరిగి నిలబడి ఉన్నాడు, నన్ను చూసి కూర్చోమని స్టూలు జరిపాడు. నేను కూర్చోలేదు. ఇల్లు ఎట్లా ఉందని అడిగాను. అడగకూడని ప్రశ్నల్లో అది మొదటి వరసలో ఉంటుంది.

రాజవ్వే జవాబిచ్చింది. "గడప మంచిగనే ఉన్నది బిడ్డా. నువ్వు రాసింది అబద్ధం గాదు. గోడనే పడ్డది."

ఆ మాటలో కోపం ఉంటే బాగుండేది.

ఆ తర్వాతి ఆదివారం నేనూ యాకూబ్ భాయ్ రైలు బ్రిడ్జి దగ్గర మొదలుపెట్టాం. ఆఫీసుకు చెప్పలేదు. బురదలో మూడు కిలోమీటర్లు లెవెల్ మోసుకుంటూ రాయి దగ్గరికి వచ్చాం. లెక్క వేసి చూస్తే రాయి ఉండాల్సిన ఎత్తు కంటే ముప్పై ఒక్క సెంటీమీటర్లు కింద ఉంది. నా లెక్క తప్పి ఉంటుందనుకున్నాను. అంతకంటే మర్యాదైన మాట అప్పటికి తట్టలేదు. ఆ పై ఆదివారం మళ్లీ చేశాం. మళ్లీ ముప్పై ఒకటి. గడప కూడా ముప్పై ఒకటే. బండా గడపా చేయి చేయి పట్టుకుని ఒకేలా దిగాయి. వాటి మధ్య ఉన్న తేడాను నేను మే నెలలో మిల్లీమీటర్లతో సహా చాలా శ్రద్ధగా కొలిచాను. నా కొలతలో ఎక్కడా తప్పు లేదు.

యాకూబ్ భాయ్ అడగకుండానే స్టాఫ్‌ని ఇంటి వెనకకు తీసుకుపోయి, కూలిన గోడ కింద, గడపతో సమానంగా కట్టిన పునాది మూల మీద పెట్టాడు. గడప కంటే తొమ్మిది సెంటీమీటర్లు కింద. పాత రీడింగ్ లేకపోయినా తెలిసిపోయేంత తేడా. లింగయ్య కాక మేలో అడిగింది ఈ ఒక్క రీడింగే. మహా అయితే రెండు నిమిషాల పని.

"సాబ్, మనం ఏమన్న కావాలని చేసినమా?" అన్నాడు యాకూబ్ భాయ్ కర్ర మడుస్తూ. కావాలని చేసి ఉంటే కనీసం ఏం చేస్తున్నామో తెలిసి ఉండేది.

రెండో రిపోర్టు రాసి మూర్తిగారి బల్ల మీద పెట్టాను. మొత్తం చదివారు. కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చదివారు.

"రాయి దిగిందంటావు."

"దిగింది సార్."

"ఏవయ్యా, ఒకే ఇల్లు, ఒకే సంతకం, రెండు రిపోర్టులా? మొదటిది తప్పని మనమే రాసిస్తే, మనం ఈ రాయి నుంచి ఇచ్చిన ప్రతి కాగితమూ తిరగదోడతారు. ఎన్ని ఇళ్లు కొలిచాం దీన్నుంచి?"

"పదకొండు సార్."

ఆయన కాసేపు గోడ మీది లైట్‌హౌస్‌ల వైపు చూశారు. "ఉంచి వెళ్లు. చూద్దాం" అన్నారు. చూద్దాం అంటే ఏమిటో తెలుగు ఆఫీసుల్లో పని చేసినవాళ్లకు విడమరచి చెప్పనక్కర్లేదు. రిపోర్టు బీరువాలోకి పోయింది. తాళం కూడా వేశారు, విలువైన వస్తువే కదా.

నా దగ్గరున్న నకలు సంతకం పెట్టి లింగయ్య కాకకు ఇచ్చాను. దాన్ని నా ధైర్యమని అనుకోకండి, ముద్ర వేసి ఇవ్వడం ధైర్యం. ఆయన ఆ కాగితం పట్టుకుని మూడు ఆఫీసులు తిరిగాడు. మూడు చోట్లా ముద్ర ఏదని అడిగారు. ముద్ర ఉన్న కాగితం ఒకటే ఉంది, అందులో భూమి కుంగలేదని ఉంది. గోడ వానకు పడిందని, మట్టిగోడ కాబట్టి పడుతుందని ఫైలు మూసేశారు. మిగతా పది ఇళ్లవాళ్లకు తమ గడపలు ఏ రాయితో కలిసి దిగాయో నేను చెప్పలేదు. ఒకరిద్దరు రోడ్డు మీద కనిపిస్తే నమస్తే సారు అంటారు. నేనూ నమస్తే అంటాను.

ఉద్యోగం మానేశానా అని చదివేవాళ్లకు సందేహం రావచ్చు. మానలేదు. ఇంకా అక్కడే చేస్తున్నాను. మూర్తిగారు నిరుడు పోయారు కాబట్టి ఇది రాయగలుగుతున్నాను. ఉండి ఉంటే రాసేవాణ్ణని చెప్పను.

పోయే ముందు ఆయన ఒక పని చేశారు. దేశంలో లైట్‌హౌస్‌లూ పాత సర్వే రాళ్లూ వెతుక్కుంటూ తిరిగి ఫొటోలు తీసుకునే మిత్రులు కొందరు ఆయనకు ఉండేవారు. తీరం అంతా అయిపోయి లోపలి రాళ్ల మీద పడ్డారు. ఒకరోజు రెండు కార్లలో ఎనిమిది మంది వచ్చారు. రాయిని తుడిచారు, నిమిరారు, పక్కన మోకాళ్ల మీద కూర్చున్నారు. లింగయ్య కాక అందరికీ చెంబుతో నీళ్లు తెచ్చిచ్చాడు. కూలిన గోడ ఫొటోలో పడుతోందని ఒకాయన ఇటు తిరిగి తీశాడు. "పెద్దాయనా, కాస్త పక్కకు నిలబడతారా" అని ఇంకొకరు చాలా మర్యాదగా అడిగారు. ఆయన నిలబడ్డాడు.

వాళ్లు తలా కొంత వేసుకుని రాయి చుట్టూ ఇనుప కంచె కట్టించారు, బోర్డు పెట్టించారు. బోర్డు మీద రాయడానికి సముద్రమట్టం నుంచి ఎత్తు ఎంతో అడిగితే నేను కొత్త ఎత్తు రాసిచ్చాను. పెయింటర్ రాసింది పాతది. మూర్తిగారు మార్చారని తర్వాత తెలిసింది. చారిత్రకం కదా, అచ్చయినదే ఉండాలి అన్నారట. కంచె వల్ల రాజవ్వ ఇప్పుడు ఆ రాయి మీద కొడవలి నూరడం లేదు. కర్ర లేకుండా నడవలేదు కాబట్టి పొలానికీ పోవడం లేదు. నూరద్దని నేను చెప్పిన మాట అలా అమలయింది.

కొత్త కుర్రాళ్లకు ఇప్పుడు నేను రెండు సంగతులు చెబుతాను. క్లోజింగ్ ఎర్రర్ సున్నా వస్తే సంతోషించొద్దు, బయలుదేరిన చోటికే తిరిగొచ్చామని తప్ప అది ఇంకేమీ చెప్పదు, బయలుదేరిన చోటు మంచిదో కాదో దానికి తెలియదు. రెండోది, పరికరం పెట్టెలోంచి తీయకముందే వాన నీళ్లు ఎటు పోతున్నాయో ఇంటివాళ్లను అడగండి. రాసుకుంటారు. మే నెలలో ఎంతమంది బ్రిడ్జి దాకా నడుస్తారో నాకు తెలియదు.

వానలు తగ్గాక ఏడాదికొకసారి, నా సెలవు రోజున, బ్రిడ్జి నుంచి లెవెల్ పట్టుకొస్తాను. యాకూబ్ భాయ్ రిటైరయ్యాడు, అయినా వస్తాడు. లింగయ్య కాక కూలిన ఇంటి ముందు భాగాన్ని ఆనుకుని రేకుల షెడ్డు వేసుకున్నాడు. గడప మాత్రం పాతదే. పోయినసారి లెక్క చూసుకుని పుస్తకం మూస్తుంటే ఆయన వచ్చి పక్కన నిలబడ్డాడు.

"ఈ యేడు ఎంత సారు?"

"గడప ఇంకో నాలుగు మిల్లీమీటర్లు దిగింది కాకా."

"బండ?"

"అది గూడ అంతే."

ఆయన కంచె లోపలి బోర్డు వైపు చూశాడు. "మరి అండ్ల ఏం రాసిన్రు?"

"పాత ఎత్తే రాసిన్రు. అండ్ల ఏం దిగలే."

లింగయ్య కాక కంచె ఊచను వేలి గణుపుతో రెండుసార్లు తట్టి, ఆ చప్పుడు విన్నాడు.

"అయితే మా ఇంటికి గూడ గసొంటి బోర్డొకటి పెట్టియ్యి సారు" అన్నాడు.